సైటు చేతులు మారింది, వారంటీ ఎవరి మెడకు?

గుణుపూర్_గేరు (గుణుపూర్, రాయగడ జిల్లా)

అందరికీ నమస్కారం. కొన్నేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ సైకిల్ షాపులో అల్యూమినియం ఫ్రేము హైబ్రిడ్ సైకిల్ (రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే రకం) కొన్నాను. సైటు పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు. ఫ్రేముకు జీవితకాల వారంటీ అని అప్పట్లో పెద్ద అక్షరాలతో రాశారు. మొన్న సైకిల్ కడుగుతుంటే వెనక చక్రం దగ్గర, వెల్డింగ్ పక్కన సన్నటి పగులు కనిపించింది.

కస్టమర్ కేర్‌కు రాస్తే వచ్చిన జవాబు సారాంశం ఇది: పాత సంస్థ నుంచి బ్రాండు పేరు, వెబ్‌సైట్ మాత్రమే తీసుకున్నారట, గతంలో జరిగిన అమ్మకాలతో వాళ్లకు సంబంధం లేదట. నా ఆర్డరు వివరాలు కూడా వాళ్ల దగ్గర లేవట. నా ఫోన్ నంబరు మాత్రం భేషుగ్గా ఉంది. పండగ ఆఫర్ల మెసేజీలు ఒక్కటీ తప్పడం లేదు.

సరే, కొత్తది కొందామని ఇంకో రెండు సైట్లు వెతికాను. రంగులు వేరు, పేర్లు వేరు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో చూస్తే మూడింటికీ ఒకటే కంపెనీ. ధరలు కూడా రూపాయి తేడా లేకుండా ఒకటే. ఇలా బాధ్యత దులిపేసుకోవడం చట్టప్రకారం కుదురుతుందా? అన్నీ ఒకరి చేతిలోకి పోతే మనలాంటి మారుమూల ఊళ్లవాళ్లు ఎక్కడ కొనాలి?

బరంపురం_ఆడిటర్ (బరంపురం, గంజాం జిల్లా)

చాలావరకు కుదురుతుందండి, అదే బాధ. కంపెనీని కొనడం వేరు, కంపెనీ ఆస్తుల్ని కొనడం వేరు. షేర్లు కొంటే అప్పులు, వారంటీలు, కోర్టు కేసులు అన్నీ వెంట వస్తాయి. పేరు, వెబ్‌సైట్ చిరునామా, గోడౌన్‌లో సరుకు, కస్టమర్ల జాబితా, ఇవి మాత్రమే అని ఒప్పందం రాసుకుంటే పాత బాధ్యతలు పాత కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. ఆ కంపెనీ దివాలా తీసి ఉంటే బాకీలు రావలసిన వాళ్ల వరసలో తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు ముందుంటాయి, మీరు ఎక్కడో వెనక ఉంటారు.

దీనికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ బ్రిటన్‌లో జరిగింది. విగిల్ అని 1999లో పోర్ట్స్‌మత్‌లో మొదలైన సైటు. చెయిన్ రియాక్షన్ అని ఉత్తర ఐర్లాండ్‌లో ఒక చిన్న సైకిల్ షాపు నుంచి ఎదిగినది ఇంకొకటి. రెండూ ఒకదానితో ఒకటి పోటీపడి ధరలు తగ్గించేవి. 2016లో రెండూ ఒకటయ్యాయి. పేర్లు రెండూ ఉంచారు, వెనక వ్యాపారం మాత్రం ఒకటే. 2021లో సిగ్నా స్పోర్ట్స్ యునైటెడ్ అనే జర్మన్ సంస్థ ఈ రెండింటినీ కొనేసింది. జర్మనీలో ఫార్రాడ్ డాట్ డీఈ, ఫ్రాన్స్‌లో ప్రోబైక్‌షాప్ అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. అంటే మూడు దేశాల సైకిల్ ప్రియులు నాలుగు షాపుల్లో కొంటున్నామనుకుంటూ ఒకే గల్లాపెట్టెలో డబ్బు వేశారు.

కోవిడ్ సమయంలో సైకిళ్లకు విపరీతమైన గిరాకీ వచ్చింది. సరుకు దొరకక అందరూ లెక్కకు మించి ఆర్డర్లు పెట్టారు. సరుకు వచ్చేసరికి గిరాకీ పడిపోయింది. 2023 అక్టోబర్‌లో పై సంస్థ, అంటే ఆస్ట్రియాకు చెందిన రియల్ ఎస్టేట్ గ్రూపు సిగ్నా, ఇస్తానన్న 15 కోట్ల యూరోలు ఇవ్వనని చెప్పేసింది. అంతే, వరసగా అన్నీ కూలాయి. ఎక్కడో భవనాల వ్యాపారం దెబ్బతింటే సైకిల్ చైను కొనుక్కునేవాడికి షాపు లేకుండా పోయింది. 2024 మొదట్లో ఫ్రేజర్స్ గ్రూపు అనే బ్రిటన్ దుకాణాల సంస్థ విగిల్, చెయిన్ రియాక్షన్ పేర్లను కొనుక్కుంది. చూడండి, పేర్లను. ఆ గ్రూపు చేతిలో 2018 నుంచే ఎవాన్స్ సైకిల్స్ కూడా ఉంది. మీకు వచ్చిన జవాబు ఈ తరహా బేరంలోంచి పుట్టిందే.

బల్లార్షా_బైకర్ (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

ఆడిటర్ సార్, కథ బాగుంది గానీ నాకు ఒక అనుమానం. కొనేవాడికి నష్టం ఎక్కడ? నేను ఇక్కడి షాపులో అడిగితే రెండు మోడళ్లు చూపించి ఏదో ఒకటి తీసుకో అన్నారు. చంద్రపూర్ పోతే ఇంకో నాలుగు. ఫోన్‌లో అయితే వందల మోడళ్లు, ఈఎంఐ, ఇంటికి డెలివరీ. నేను కొన్నది షాపు రేటు కన్నా బాగా తక్కువకు వచ్చింది. కంపెనీలు కలిస్తే ఖర్చు తగ్గుతుంది, ధర తగ్గుతుంది. బట్టల సైట్లు కలవలేదా? మనం బట్టలు కొనడం మానేశామా?

బరంపురం_ఆడిటర్

బట్టల మాట మీరే ఎత్తారు కాబట్టి: ఫ్లిప్‌కార్ట్ 2014లో మింత్రాను కొంది, 2016లో మింత్రా ద్వారా జబాంగ్‌ను కొంది. 2020లో జబాంగ్‌ను మూసేసి వచ్చినవాళ్లను మింత్రాకు పంపించారు. మధ్యలో 2018లో వాల్‌మార్ట్ వచ్చి 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం తీసుకుంది. చొక్కాకు స్పేర్ పార్టులు ఉండవు బాబూ, అందుకే మీకు నష్టం తెలియలేదు.

పర్లాకిమిడి_సైకిల్‌షాపు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

నేను షాపువాణ్ణి. కాబట్టి నా మాటలో కొంత స్వార్థం ఉందని ముందే అనుకుని చదవండి.

ధర గురించి బల్లార్షా తమ్ముడితో గొడవ పడను. ఆన్‌లైన్‌లో కొన్ని మోడళ్లు నాకు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే రేటు కన్నా తక్కువకే అమ్ముతున్నారు. నేను చెప్పేది సామాన్ల గురించి.

అట్లాస్ కంపెనీ సంగతి చూడండి. 1951లో సోనీపత్‌లో పెట్టిన కంపెనీ. సాహిబాబాద్‌లో ఆఖరి ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం కూడా. అంత పెద్ద కంపెనీ పోతే మా ఊళ్లో అట్లాస్ నడిపేవాళ్లు ఏమయ్యారు? ఏమీ కాలేదు. ఇప్పటికీ తొక్కుతున్నారు. ఎందుకంటే ఆ నల్ల సైకిల్‌కు ఏ కంపెనీ రిమ్మయినా సరిపోతుంది, ఏ కంపెనీ కప్పు, కోను, కాటర్ పిన్ అయినా పడుతుంది. లూధియానాలో చిన్న చిన్న షెడ్డుల్లో చేసిన సామాను కూడా నడుస్తుంది. కంపెనీ పోయినా సైకిల్ అనాథ కాలేదు.

ఇప్పటి గేరు సైకిళ్లు అలా కావు. వెనక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు. సైకిల్ పడితే ఫ్రేము బదులు అది వంగాలని మెత్తగా చేస్తారు. మంచి ఆలోచనే. కానీ ఆ ముక్క వందల ఆకారాల్లో వస్తుంది. ఒక మోడల్‌ది ఇంకో మోడల్‌కు పట్టదు. నా షాపులో వేలాడుతున్న సైకిళ్లలో ఒకటి ఆ ముక్క దొరక్క వేలాడుతున్నదే. దాన్ని అమ్మిన సైటు ఇంకో దాంట్లో కలిసిపోయింది. కొత్త యజమానులు అమ్ముడుపోయే పది రకాలు ఉంచి, నిదానంగా కదిలే చిన్న సామాన్లన్నీ జాబితాలోంచి తీసేశారు. వాళ్ల లెక్క వాళ్లది, ఏడాదికి రెండు అమ్ముడుపోయే ముక్కకు గోడౌన్‌లో అర ఎందుకు?

కంపెనీలు కలిసినప్పుడు ముందు పోయేది ఇలాంటి సామానే. ధర మారేది తర్వాత.

సిరొంచ_మాస్టర్ (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

షాపు అన్న మాటకు నాదొక మాట కలుపుతా. సామాను తర్వాత పోయేది పిన్ కోడ్.

మాకు ముందు రెండు మూడు చిన్న సైట్లు సైకిల్ పంపేవి. ఒకరు ట్రాన్స్‌పోర్ట్ లారీలో వేసి పంపేవాళ్లు, ఇంకొకరు ఫోన్ చేసి "మంచిర్యాలలో దింపితే తెచ్చుకుంటారా సార్" అని అడిగేవాళ్లు. తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు అవి ఒకటయ్యాక కొరియర్ ఒప్పందం ఒకటే అయ్యింది. ఆ కొరియర్ జాబితాలో సిరొంచ పిన్ కోడ్ పెద్ద పార్సిళ్లకు లేదు. చిన్న డబ్బాలు వస్తాయి, సైకిల్ రాదు. అడగడానికి మనిషి లేడు, చాట్‌లో మెషీన్ మాట్లాడుతుంది.

ఇంకా తమాషా ఏందంటే, సర్వీసు కావాలంటే మహారాష్ట్ర అని టైపు చేయగానే నాగ్‌పూర్ చూపిస్తుంది. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే చెన్నూరు, మంచిర్యాల. మా బజారు అటువైపే. కంప్యూటర్‌కు నది కనబడదు, రాష్ట్రం గీత మాత్రం కనబడుతుంది.

ధర్మాబాద్_డబుల్‌రైడ్ (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

మాస్టర్ సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మాకు బాసర, నిజామాబాద్ పక్కనే. సర్వీసుకు మాత్రం నాందేడ్ చూపిస్తే అదృష్టం, లేకపోతే ఔరంగాబాద్, పూణే.

ఒకప్పుడు చెయిన్ రియాక్షన్ నుంచి ఇక్కడికి తెప్పించుకున్నవాళ్లలో నేనొకణ్ణి. షిమానో కంపెనీ చైను, క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రాల గుత్తి), బ్రేకు ప్యాడ్లు. కస్టమ్స్ డ్యూటీ కట్టినా కొన్ని వస్తువులు ఇక్కడి కన్నా చవకగా పడేవి. దానికన్నా పెద్ద లాభం, ఇక్కడి సైటువాడు ధర ఇష్టం వచ్చినట్టు పెంచలేకపోయేవాడు, ఎందుకంటే అందరూ అక్కడి రేటు చూసి వచ్చేవాళ్లు. ఆ దారి సన్నబడింది. పూర్తి సైకిల్ తెప్పించుకోవడమైతే ఆశ వదులుకోవాలి, 2023 బడ్జెట్‌లో సైకిళ్ల మీద దిగుమతి సుంకం 30 నుంచి 35 శాతం చేశారు. బయటి పోటీకి గోడ ఎత్తు పెరిగింది, లోపల షాపులు తగ్గుతున్నాయి.

కిన్వట్_కొత్తవాడు (కిన్వట్, నాందేడ్ జిల్లా)

అన్నలూ, మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి లేడీస్ సైకిల్ కావాలి, సెకండ్ హ్యాండ్ ఎవరైనా అమ్ముతున్నారా?

నిర్వాహకుడు

కిన్వట్ మిత్రమా, దానికి అమ్మకాల విభాగం వేరే ఉంది. అక్కడ పెట్టండి, ఇక్కడ పెడితే తొలగిస్తాం.

జయపురం_కొండదారి (జయపురం, కొరాపుట్ జిల్లా)

నేను ఆడవాళ్ల తరఫున ఒక విషయం చెప్తా. నా ఎత్తుకు చిన్న సైజు ఫ్రేము కావాలి. కొరాపుట్ ఘాట్ ఎక్కాలంటే ముందు పెడళ్ల దగ్గర చిన్న పళ్ల చక్రం, వెనక పెద్ద పళ్ల చక్రం ఉండాలి. మునుపు ఒక చిన్న సైటు నడిపే అబ్బాయి ఫోన్‌లో నా ఎత్తు, కాలు పొడవు కొలత అడిగి, "మేడమ్, ఈ మోడల్ మీకు పెద్దదవుతుంది, వద్దు" అని అమ్మకం వదులుకున్నాడు. ఆ సైటు అమ్ముడైపోయింది. ఇప్పుడు అదే పేరుతో ఉన్న పేజీలో సైజుల పెట్టెలో "ఫ్రీ సైజ్" అని ఉంది. సైకిల్‌కు ఫ్రీ సైజ్ ఏంటండీ, చీర అనుకున్నారా?

ఎక్కువ అమ్ముడయ్యే మధ్య సైజు ఒక్కటే నిల్వ పెడతారు. పొట్టివాళ్లు, బాగా పొడుగువాళ్లు, ఘాట్ ఎక్కేవాళ్లు లెక్కలోంచి పోతారు. బల్లార్షా తమ్ముడూ, నీది మధ్యరకం ఎత్తు అయ్యుంటుంది, చదునైన రోడ్డు అయ్యుంటుంది. అందుకే నీకు అన్నీ బాగున్నాయి.

బల్లార్షా_బైకర్

అక్కా, ఎత్తు సంగతి కరెక్టే పట్టేశావ్ 😄

కానీ నా పాయింట్ వదలను. ఒకే గుత్తాధిపత్యం అయితే ధర పెరగాలి కదా? 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నేను చూసిన పేజీల్లో ధర తగ్గింది. పోటీ లేకపోతే తగ్గించేవాళ్లా?

పర్లాకిమిడి_సైకిల్‌షాపు

పన్ను తగ్గితే నేనూ తగ్గించాను తమ్ముడూ, కంపెనీయే కొత్త రేట్ల కాగితం పంపింది. అందులో సైటువాడి గొప్ప లేదు. నువ్వు ఒక పని చెయ్యి. నీకు నచ్చిన మోడల్ ఒకటి పెట్టుకుని, పండగ ముందు, పండగ రోజు, పండగ తర్వాత దాని ధర రాసుకో. గీత కొట్టిన ధర ఎంత పెరిగిందో, దాని పక్కన ఉన్న అసలు ధర ఎంత కదిలిందో అప్పుడు మాట్లాడుకుందాం.

బరంపురం_ఆడిటర్

బల్లార్షా బాబు అడిగింది తేలిగ్గా తీసేయాల్సిన ప్రశ్న కాదండి. ధర పెరగడం అనేది ఎప్పుడూ పెరిగినట్టు కనబడదు. విగిల్ కూలిన తర్వాత కొన్నాళ్లు సరుకు వదిలించుకోవడానికి భారీ తగ్గింపులు ఇచ్చారు. అప్పుడు కొన్నవాళ్లు సంబరపడ్డారు. ఆ తగ్గింపుల దెబ్బకు అదే వీధిలో నిజాయితీగా నడుస్తున్న షాపులు కూడా ఇబ్బంది పడ్డాయి. చవక ధర ఒక్కోసారి షాపు ఆరోగ్యానికి గుర్తు కాదు, జబ్బుకు గుర్తు.

అమెరికాలో పర్ఫార్మెన్స్ బైక్ అనే పెద్ద గొలుసు షాపు ఉండేది. అది 2000లో నాష్‌బార్ అనే కేటలాగ్ వ్యాపారాన్ని కొంది. 2016లో ఒక సైకిళ్ల తయారీ కంపెనీతో కలిసింది. 2018 నవంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది, తర్వాతి ఏడాది షాపులన్నీ మూసేశారు. ఆన్‌లైన్ పేర్లను కాలిఫోర్నియాలో రిమోట్ కార్ల బొమ్మల సామాన్లు అమ్మే ఏమెయిన్ అనే సంస్థ కొనుక్కుంది. పేరు ఇప్పటికీ ఉంది. ఆ పేరు చూసి పాత షాపే అనుకుని వెళ్లేవాళ్లు ఉంటారు. మన గుణుపూర్ మిత్రుడి మెయిల్‌కు వచ్చిన జవాబు వాళ్లకూ వస్తుంది.

రాయగడ_వకీలు (రాయగడ)

ఆలస్యంగా చూశాను. చట్టం గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఒక సందేహం తీరుస్తాను: ఇన్ని కంపెనీలు కలుస్తుంటే, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూడాల్సిన కాంపిటీషన్ కమిషన్ ఏం చేస్తోంది? వాల్‌మార్ట్, ఫ్లిప్‌కార్ట్ బేరం కమిషన్ ముందుకు వెళ్లింది, 2018 ఆగస్టులో అనుమతి వచ్చింది. సైకిల్ సైట్లు ఆ స్థాయివి కావు. కొనబడే సంస్థకు దేశంలో ఆస్తులు 450 కోట్ల రూపాయలకు మించకపోతే, లేదా టర్నోవర్ 1,250 కోట్లకు మించకపోతే మామూలుగా కమిషన్‌కు చెప్పాల్సిన పనే లేదు. 2024 సెప్టెంబర్ నుంచి 2,000 కోట్లు దాటిన బేరాలకు వేరే నిబంధన వచ్చింది, సైకిల్ షాపులకు అదీ అందదు. కాబట్టి దేశంలోని చిన్న సైకిల్ సైట్లు ఒక్కొక్కటిగా ఒకరి చేతిలోకి పోయినా ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక గుణుపూర్ తమ్ముడి విషయం. సైటువాడు ఒక్కడే నీ ఎదుటి పార్టీ అనుకోకు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీ లోపానికి తయారీదారు బాధ్యత విడిగా ఉంది. సైకిల్ మీద ఉన్న బ్రాండు సైటువాడి సొంత బ్రాండా, వేరే కంపెనీదా? వేరే కంపెనీదైతే సైటు పోయినా నీ హక్కు పోలేదు. విదేశీ బ్రాండైతే డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటాయి. డబ్బా పారేసి ఉంటే బిల్లు మీద చూడు. సైటు సొంత బ్రాండే అయితే పని కష్టమే, నిన్ను మోసపుచ్చను.

ఫిర్యాదు కోసం భువనేశ్వర్ వెళ్లక్కర్లేదు, సైటు ఆఫీసు బెంగళూరులో ఉన్నా అక్కడికీ వెళ్లక్కర్లేదు. నువ్వు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. 5 లక్షల రూపాయల దాకా ఫీజు లేదు. దానికి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకో. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సైటుకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమ్మినవాడి పేరు, చిరునామా చూపించడం కూడా తప్పనిసరి.

ఫ్రేము కింద, పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం అడుగున ఒక నంబరు చెక్కి ఉంటుంది. ముందు దాని ఫోటో తీసి పెట్టుకో.

జయపురం_కొండదారి

వకీలుగారూ, చాలా ఉపయోగపడే మాట. ఒక సందేహం. సైటు సొంత బ్రాండు అని మనకెలా తెలుస్తుంది? అన్నీ ఇంగ్లిష్ పేర్లే, అన్నీ జర్మనీ, ఇటలీ పేర్లలాగే ఉంటాయి.

ధర్మాబాద్_డబుల్‌రైడ్

మేడమ్, ఆ పేరు వేరే సైటులో గానీ, ఏదైనా ఊరి షాపులో గానీ అమ్ముతున్నారా చూడండి. ఎక్కడా లేకపోతే సొంత బ్రాండే. చెయిన్ రియాక్షన్‌కు న్యూక్‌ప్రూఫ్ అని మంచి బ్రాండు ఉండేది. షాపు కూలాక దాన్ని బెల్జియంలో రిడ్లీ సైకిళ్లు చేసే సంస్థ కొనుక్కుంది. అలా మంచి చేతుల్లో పడితే బతుకుతుంది. అన్నిటికీ ఆ అదృష్టం ఉండదు. మన దేశంలో ఫైర్‌ఫాక్స్‌ను 2015లో హీరో సైకిల్స్ కొంది. అక్కడ కొన్నవాడు సైకిళ్లు తయారుచేసే కంపెనీ కాబట్టి సామాన్ల దారి మూసుకుపోలేదు. కొన్నవాడు సైకిల్ చేసేవాడా, డబ్బు తిప్పేవాడా అన్నది తేడా.

ఆటసామాన్ల గొలుసు షాపు డెకాథ్లాన్ లెక్క మళ్లీ వేరు. అక్కడ అంతా సొంత సరుకే, పెద్ద సంస్థ కాబట్టి స్పేర్లు దొరుకుతాయి. కానీ ఆ ఒక్క కొట్టు మీదే ఆధారపడాలి.

సిరొంచ_మాస్టర్

డెకాథ్లాన్ మాకు దగ్గరలో లేదు తమ్మీ, ఆ చర్చ పట్నం వాళ్లకు.

పర్లాకిమిడి_సైకిల్‌షాపు

టైర్ల విషయం ఒకటి రాయాలి, నా దగ్గరకు ఎక్కువ ఏడుపులు దీని మీదే వస్తాయి. పెద్ద సైట్లలో టైరు పేజీలో "28 ఇంచ్" అని రాసి వదిలేస్తారు. మన పాత నల్ల సైకిల్ 28 వేరు, గేరు సైకిల్ 28 వేరు. టైరు పక్కగోడ మీద చిన్నగా రెండు అంకెలు ఉంటాయి. నల్ల సైకిల్‌దైతే 40-635, రోడ్డు సైకిల్‌దైతే చివర 622. రెండో అంకె రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. 13 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఏ మొనగాడూ ఎక్కించలేడు. 26లో కూడా అంతే: స్కూలు పిల్లల సైకిల్‌ది 590, కొండ సైకిల్‌ది 559. ఒడిశాలో తొమ్మిదో తరగతి పిల్లలు ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో కొనుక్కునే సైకిళ్ల టైర్లు మార్చాల్సి వస్తే, వాళ్ల నాన్నలు ఫోన్‌లో "26" చూసి కొండ సైకిల్ టైరు తెచ్చి నా ముందు పెడతారు. సైకిల్ తెలిసినవాడు నడిపిన సైటులో ఈ రెండో అంకె తప్పకుండా రాసేవాళ్లు. అన్నీ అమ్మే సైటుకు టైరూ ఒకటే, టిఫిన్ బాక్సూ ఒకటే.

బల్లార్షా_బైకర్

అన్నా, ఇది మాత్రం తెలీదు. నా టైరు మీద ఇప్పుడే చూశా, 54-559 అని ఉంది. థాంక్స్.

అయినా ఆన్‌లైన్ మానను. మా ఊరి షాపులో నీలాగా చెప్పేవాడు లేడు కదా.

పర్లాకిమిడి_సైకిల్‌షాపు

మానమని నేనూ అనలేదు. హ్యాంగర్ నేనూ ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తా.

గుణుపూర్_గేరు

అందరికీ చాలా థాంక్స్. వకీలు అన్నయ్య చెప్పినట్టు చూశాను. ఫ్రేము నంబరు ఉంది. బ్రాండు సైటువాడి సొంతది కాదు, వేరే కంపెనీది, ఇంకా వ్యాపారంలో ఉంది. పాత బిల్లు నా మెయిల్‌లో దొరికింది. కంపెనీకి నేరుగా రాశాను. మర్యాదగానే స్పందించారు. ఫ్రేమును డీలరు దగ్గర పరీక్షకు ఇమ్మన్నారు. డీలరు ఎక్కడంటే భువనేశ్వర్! నాకు శ్రీకాకుళం దగ్గర, విశాఖ దగ్గర. మాస్టర్ గారు చెప్పిన రాష్ట్రం గీత కథే.

ఇంకోటి, మా ఊళ్లో వెల్డింగ్ షాపాయన "నేను అతికించేస్తా, ఎందుకీ తిరుగుడు" అంటున్నాడు.

పర్లాకిమిడి_సైకిల్‌షాపు

వద్దు బాబూ వద్దు. ఇనప ఫ్రేమయితే నేనే అతికించి ఇచ్చేవాణ్ణి. అల్యూమినియానికి వెల్డింగ్ చేస్తే ఆ చుట్టుపక్కల బలం పోతుంది. ఫ్యాక్టరీలో మళ్లీ ఫ్రేమంతా లెక్క ప్రకారం వేడిచేసి ఆ బలం తెస్తారు. మన గేట్ల వెల్డింగ్ షాపులో అది కుదరదు. పైగా అతికించావంటే వారంటీ అక్కడితో సరి. అప్పటిదాకా ఆ సైకిల్ ఎక్కకు కూడా.

రాయగడ_వకీలు

డీలరు విషయంలో వాదన పెట్టుకోకుండా రాతపూర్వకంగా ఒక్క మాట అడుగు: "మీ విశాఖ డీలరు నాకు దగ్గర. అక్కడ పరీక్ష చేయించడానికి అనుమతి ఇవ్వండి, లేదా భువనేశ్వర్‌కు పంపే రవాణా ఖర్చు మీరు భరించండి." రెండిట్లో ఒకటి వాళ్లే ఎంచుకోవాలి. ఫోన్‌లో ఒప్పుకుంటే చాలదు, మెయిల్ కావాలి. వారంటీ కార్డులో "ఫలానా రాష్ట్రంలోనే చెల్లుతుంది" అన్న మాట ఉందా చూడు. లేకపోతే వాళ్ల జాబితా వాళ్ల సౌకర్యం కోసం పెట్టుకున్నదే.

సిరొంచ_మాస్టర్

నేను కూడా ఇట్లనే మెయిల్ పెట్టి మంచిర్యాల డీలరుకు మార్పించుకున్న. అడిగితే చేస్తారు, అడగకపోతే నాగ్‌పూరే.

గుణుపూర్_గేరు

విశాఖకే ఒప్పుకున్నారు, మెయిల్ వచ్చింది! వచ్చే వారం విశాఖ బండిలో తీసుకెళ్తా. చక్రాలు, పెడళ్లు విప్పి గోనెలో చుట్టాలి. ఎడమ పెడలు ఎంత తిప్పినా రావడం లేదు, నూనె వేసి చూశా.

పర్లాకిమిడి_సైకిల్‌షాపు

ఎడమ పెడలు మరలు ఉల్టా. విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. ఇప్పటిదాకా బిగిస్తూ కూర్చున్నావు. పొడుగు స్పానర్ పెట్టి, పెడలు చేయి ముందుకు ఉంచి, కాలితో ఒక్క తొక్కు తొక్కు, వదులుతుంది. వెనక గేరు విప్పి కాగితంలో చుట్టి ఫ్రేముకే కట్టు, బండిలో దేనికో తగిలిందంటే ఆ హ్యాంగర్ కోసం మళ్లీ ఇక్కడికే వస్తావు.